సోలెడు తవుడు

బి.ఎడ్.లో అది ఐదు మార్కుల ప్రశ్న.
శిశువు దశలు అయిదూ ఎక్కంలా బట్టీపట్టేను.
నాలుగోది గుప్తదశ:
ఆరేళ్ళ నుంచి పన్నెండు దాకా లోపలిదేదో నిద్రపోతుందిట,
పిల్లలు లెక్కలూ బొంగరాలూ చూసుకుంటారుట.
నాలుగున్నర వచ్చేయి.

ఉద్యోగం తేలినీలాపురంలో.
టెక్కలి ఆటో దిగి, వాన లేకపోయినా
చింతచెట్ల కింద గొడుగు వేసుకునే నడవాలి.
పైన కొంగలు, గూడబాతులు.
ఎక్కడెక్కడి నుంచో వస్తాయని బోర్డు మీద రాసుంటుంది.
ఊరి ఆడవాళ్ళు మాత్రం
"పురిటికొచ్చిన ఆడపిల్లలమ్మా" అంటారు.
ఏ కొమ్మ మీద ఎవత్తి నీళ్ళోసుకుందో
ఏ గూట్లో గుడ్డు చిట్లిందో
బోరింగు దగ్గర బిందె నిండేలోగా చెప్పేసుకుంటారు.
అదే మాట పిల్లలు తమ గురించి అడిగితే
"నిన్ను తవుడుకి కొన్నాం, పో."

వమరవల్లి ట్రైనింగులో ఒకాయన చెప్పేడు:
నూరేళ్ళ పైమాట, వియన్నాలో ఒక డాక్టరు
పెద్దవాళ్ళ మీద కోప్పడ్డాడట.
అక్కడా ఇదే. కొంగ ముక్కున కరుచుకొచ్చి ఇచ్చిందని.
అడిగినంత మేర చెప్పండి అన్నాడట ఆయన,
మొదటి అబద్ధంతోనే మీ మీద మొదటి అనుమానం.
వెనక వచ్చినవాళ్ళలో కొందరు బళ్ళు పెట్టి అన్నీ చెప్పేరు,
కొందరు నిద్రపోయేదాన్ని లేపొద్దన్నారు.
ఆ తగువు సముద్రాలు దాటి, కమిటీలు దాటి,
పురికోస కట్టిన రెండు కట్టలై మా బడికొచ్చింది.
పట్నాయక్ మేష్టారు సంతకం పెట్టి
బీరువాలో సుద్దముక్కల డబ్బాల వెనక్కి తోసి
"గుప్తదశ, టీచరుగారూ" అన్నారు.
నవ్వేరో లేదో తెలీలేదు.

ఏడో తరగతి, రెండో బెంచీ, తవిటినాయుడు లేచేడు.
"టీచరమ్మా, నన్ను కొన్న తవుడు ఎన్ని కేజీలు?"
ఎవరూ నవ్వలేదు. భయమేసింది అందుకే.
నలభై మందీ జవాబు కోసం చూస్తున్నారు.

బీరువా తీయించేను.
బోర్డు మీద గర్భసంచి బొమ్మ వేస్తుంటే
సుద్దముక్క రెండుసార్లు విరిగింది.
గుడ్డు, కణం, బొడ్డుతాడు, తొమ్మిది నెలలు.
కిటికీ అవతల కొంగలు ముక్కులు టకటకలాడించేయి.
పరీక్షలో వాడికి ఐదుకి ఐదు.

ఆ సాయంత్రమే చూసేను వాణ్ణి, రైసుమిల్లు దగ్గర,
తవుడు గుట్ట ముందు నిలబడి
గుప్పెడు తీసి వాసన చూస్తూ.

ముసలితనంలో ఆ డాక్టరూ ఒప్పుకున్నాడట.
భోజనాల బెల్లు మోగేక, అందరూ లేచిపోతుంటే చెప్పేడు ట్రైనింగాయన:
చెప్పింది వింటారు, తలూపుతారు,
లోపల తమ పాత రాయికే పసుపు రాసుకుంటారు.

తవిటినాయుడి తల్లి పారమ్మ
ఉప్పుమళ్ళ నుంచి వస్తూ నన్నాపింది. పాదాలు తెల్లగా పగిలున్నాయి.
"మా గుంటడికి ఏటి సెప్పీసినారమ్మా? నాను కొనలేదా ఆడ్ని?"
నేను బొమ్మ గురించి మొదలెట్టేను.
"అది నాకు తెల్దేటి? ఆడికి ముందు ముగ్గుర్ని కన్నాను.
ముగ్గురూ నేరు.
ఈడు పుట్టీసరికి సేటలో ఎట్టి పక్కింటిదానికిచ్చీసినాను,
సోలెడు తవుడెట్టి మళ్ళీ కొనుక్కున్నాను.
కొన్న బిడ్డ జోలికి సావు రాదంట."

చేతిలో గొడుగు తెరవడం మర్చిపోయి నడిచేను.
ఆ అబద్ధం ఆవిడ చావుకి చెప్పింది.
పిల్లాడు పక్కనుండి విన్నాడు.

సోమవారం వాడితో అన్నాను: "సోలెడు."
"సోలంటే?"
"నాలుగైతే మానిక."
వాడు నోటుబుక్కు తీసి
బొడ్డుతాడు బొమ్మ పక్కన, మార్జిన్లో, రాసుకున్నాడు.
ఎర్రపెన్ను చేతిలోనే ఉంది. కొట్టెయ్యలేదు.

అప్పుడు వెనక బెంచీ నుంచి ఢిల్లీశ్వరి చెయ్యెత్తింది.
"తొమ్మిది నెలలూ సరే టీచరమ్మా,
మొదలెలాగ?"

బెల్లుకి ఇంకా పది నిమిషాలుంది.